మాత్ర మానేశాక తగ్గిన కొలెస్ట్రాల్

మా నాన్న బెంగాల్‌కు వలస వచ్చి, గార్డెన్ రీచ్ ఓడరేవు డాక్‌లో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని డాక్టర్ రాసిన మాత్రను రోజూ భోజనం కాగానే అమ్మే ఆయన చేతిలో పెట్టేది. మింగేదాకా ఎదురుగా నిలబడేది. అదే ఆమె కొంప ముంచింది.

ఊరికి ఆ చివర లిలువాలో ఉండే మా మేనత్త, నాన్నకు స్వయానా అక్క, ఒక ఆదివారం వచ్చి ఫోన్‌లో ఏదో వీడియో చూపించింది.

"తమ్ముడూ, ఈ మాత్రలు మింగినోలికి కేన్సరొస్తాదంట. ఒగ్గెయ్యి. నీ పెల్లానికేటి తెలుసు?"

తల్లి పోతే తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. ఆవిడ మాట నాన్నకు వేదం. మాత్ర ఆ రోజే ఆగిపోయింది. అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. వినేదెవరు?

వానాకాలం మధ్యలో రక్తపరీక్ష చేయిస్తే, మాత్రలు వేసుకున్న రోజుల్లో కంటే కొలెస్ట్రాల్ ఇంకా కిందికి దిగింది. పొట్ట కూడా కరిగింది. అబ్బో, ఇక అత్తను పట్టగలమా! కుండెడు రసగుల్లాలు తెచ్చి బస్తీలో ఇంటింటికీ పంచింది. బెంగాలీ వాళ్లు కూడా "దాదా, ఎలా తగ్గారు?" అని అడుగుతుంటే నాన్న చొక్కా ఎత్తి మరీ చూపించేవాడు.

"ఆయనకి అన్నం సయించట్లేదు వదినా, డాక్టరికి సూపిద్దాం" అంది అమ్మ.

"నా తమ్ముడు బాగుపడితే ఓర్వలేవేటే?" అని అత్త అందరి ముందూ కడిగేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న మాత్రం నవ్వాడు.

దుర్గాపూజల తర్వాత తిన్నదల్లా వాంతి కావడం మొదలైంది. కడుపులో కేన్సర్, బాగా ముదిరిపోయిందన్నారు. డాక్టర్ పాత రిపోర్టు చూసి తల పట్టుకున్నాడు. మాత్ర లేకుండా అంత పడిపోయినప్పుడే అనుమానించాల్సిందన్నాడు. లోపల జబ్బు తినేస్తుండబట్టే కొలెస్ట్రాల్ పడిపోయిందనీ, మాత్రల వల్ల కేన్సర్ వచ్చిందనడానికి ఆధారం లేదనీ విడమరిచి చెప్పాడు.

అత్త వింటేనా! మంచం పక్కనే నిలబడి, "సూసినావా, నానప్పుడే సెప్పినాను! ఇది అన్నేళ్లు మింగించింది, మరి ఊరికే పోద్దా?" అంది. తమ్ముడి మీద ప్రేమట. తగలెయ్య, ఆ ప్రేమను!

నాన్న అదే నమ్మాడు. నొప్పికి రాసిన మాత్రలు అమ్మ ఇస్తే పళ్లు బిగించేవాడు. నేనిస్తే, "మీ అమ్మ అంపిందా?" అని ఉమ్మేసేవాడు. అత్త చేత్తో అయితేనే మింగేవాడు. ఆవిడేమో తనకు తీరినప్పుడు లిలువా నుంచి వచ్చేది. అప్పటిదాకా ఆయన మంచం కోళ్లు పట్టుకుని అరిచేవాడు.

చివరి రోజు పొద్దున అత్త రాలేదు. నాన్న నొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడు. అమ్మ మాత్రా నీళ్లూ పట్టుకుని, "నీ కాల్మొక్కుతాను, మింగయ్యా" అని ఏడ్చింది.

నాన్న ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇన్నాళ్లూ ఇచ్చి సంపినావు. ఇంకా సాలదేటే?"

ఆ తర్వాత ఆయన నోరు తెరవలేదు.