మొప్పల ఎరుపు

శామీర్‌పేటలో చేపలు కొని అమ్మే ముత్తయ్య మొప్పల ఎరుపు చూసి చేప తాజాదని నమ్మడు. కొనేవాళ్లంతా మొప్పలెత్తి చూస్తున్నారని తెలిశాక అమ్మేవాళ్లు వాటికి రంగు పూస్తున్నారని అతని అనుమానం. అందుకే వేలితో ఒత్తి చూస్తాడు. గుంట పడి అలాగే ఉంటే ఆ చేప పాతది.

మనవరాలు యమునకు సైన్సులో నూటికి నూరు వచ్చాయి.

"ప్రశ్నలు ముందే తెలుసా?" అన్నాడు.

"ముఖ్యమైనయి సారే చెప్పిండు తాతా. గవే వచ్చినయి."

"అంటే మొప్పలకు రంగేసిండు."

గంపలోని చేపను చూపించాడు. "నీళ్లల్ల కంటె బయటనే గాలి ఎక్కువ. మరి బయటికి తీస్తే ఇదెందుకు సస్తది?"

యమున మొప్పల పాఠం గడగడా అప్పజెప్పింది.

"నేనడిగింది గది కాదు."

ఆమె చేప మొప్ప ఎత్తి చూసింది. "తెల్వది తాతా."

ఆ రోజు ముత్తయ్య నమ్మిన మొదటి మాట అదే.