ఎడమచేతి ముడి

అనుమానం మా ఇంట్లో కులవృత్తితో పాటే వచ్చింది. మా బాపు తాటిచెట్లు ఎక్కే రోజుల్లో ప్రతి కల్లు లొట్టి మెడకూ తన ముడి ఒకటి వేసి దిగేవాడు. మర్నాడు ఎక్కినప్పుడు కల్లు కంటే ముందు ముడిని చూసేవాడు. అది వేరే తీరుగా కనిపిస్తే ఎవడో చెట్టెక్కి తాగిపోయాడని లెక్క. చిన్నప్పుడు నాకూ ఆ ముడి నేర్పాడు. నాది ఎడమచేతి వాటం. నేను వేస్తే అద్దంలో చూసినట్టు అంతా తిరగబడేది, కొస అవతలి పక్కకు వచ్చేది. ఎన్నిసార్లు చూపించినా అంతే. చివరికి నీ ముడి నీదే పో అని వదిలేశాడు.

తెలంగాణ కోసం బస్సులూ బడులూ ఆగిపోతున్న రోజుల్లో నాకు కోరుట్లలో ఒక చిన్న కొట్టు ఉండేది. జిరాక్సు, టైపింగు, గల్ఫ్ పోయేవాళ్ల కాగితాలు స్కాన్ చేయడం, ఇవే పనులు. చెట్టు మీంచి పడి కాలు కుంటయ్యాక బాపు పొద్దంతా ఆ కొట్టు గుమ్మంలో స్టూలు మీద కూర్చునేవాడు. నేను ఎవరినీ కంప్యూటర్ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. పెన్ డ్రైవులు పెట్టే రంధ్రాలకు టేపు అంటించాను. ఊరందరి పెన్ డ్రైవులు నా కంప్యూటర్లో పెట్టడమంటే ఎవడి నోట్లోనో నానిన బీడీ తెచ్చుకుని తాగడమే అనేది నా లెక్క. దానివల్ల వైరస్ రాలేదు, నిజమే. కానీ నా దగ్గరున్న స్కాన్లకు రెండో కాపీ అనేది లోకంలో ఎక్కడా లేదు. దాన్నే నేను జాగ్రత్త అనుకున్నాను.

ఒక మంగళవారం తంగళ్ళపల్లి నుంచి అక్క ఫోన్ చేసింది. అక్క రోజూ సిరిసిల్లకు పోయి మరమగ్గాలకు నూలు కండెలు చుట్టేది. బావ దుబాయిలో ఇరుక్కుపోయి ఉన్నాడు. అతని కంపెనీ మూతపడింది, పాస్‌పోర్టు యజమాని చేతిలోనే ఉండిపోయింది. ఇంటికి రావాలంటే పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ కావాలి, ఔట్‌పాస్‌కు పాస్‌పోర్టు నకలు కావాలి. అక్క దాచుకున్న జిరాక్సులను ట్రంకుపెట్టెలో చెదలు తినేశాయి. ఇక మిగిలినవి బావ పోయేముందు నా కొట్టులో స్కాన్ చేయించుకున్న పేజీలు మాత్రమే. అలాంటివాళ్ల కాగితాలన్నీ పట్టుకుని సోమవారం ఒకాయన హైదరాబాద్ పోతున్నాడట. అది తప్పితే ఈ బంద్‌లలో మళ్లీ ఎవరు ఎప్పుడు పోతారో తెలియదు. అయినా అక్క గొంతులో బెంగ లేదు. నీ దగ్గరుంది గదా అంది. ఉంది అన్నాను.

ఉంది, కానీ ప్రింటు రావడం లేదు. సి డ్రైవ్ గొంతుదాకా నిండి కంప్యూటర్ ముక్కుతూ మూలుగుతూ ఉంది. స్కాన్లన్నీ ఉండే డి డ్రైవ్‌లో మాత్రం బోలెడు జాగా. డిలోంచి కొంత తీసి సిలో కలిపే సాఫ్ట్‌వేర్ సీడీ ఒకటి ఎప్పుడో కొని పెట్టుకున్నాను. బుధవారం పొద్దున అదే పెట్టాను. తెర మీద పక్కపక్కన రెండు డబ్బాలు, మధ్యలో గీత. గీతను పట్టుకుని జరుపుతుంటే బాపు వెనక నిలబడి అదేందని అడిగాడు. ఇంత జాగ దాంట్లకెళ్లి దీంట్లకు కలుపుతున్నానని చెప్పాను. బొగ్గు గనుల సమ్మెతో కరెంటు కోత పదకొండుకు మొదలవుతుంది. గంటలో అయిపోతుందని నా ధీమా. ఆ రోజు పదిన్నరకే పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, మార్పిస్తా మార్పిస్తా అంటూ నేనే నాన్చాను.

కరెంటు వచ్చాక మీట నొక్కితే నల్లటి తెర, దాని మీద ఒకే ఒక ఇంగ్లీషు ముక్క: ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదు. ఆపి మళ్లీ వేశాను, పది సార్లు వేశాను. అదే ముక్క. నీకు తిక్క లేచిందానే, ముందు ఆ రెండు పేజీలు పెన్ డ్రైవులో వేసుకుని ఇంకో కంప్యూటర్ దగ్గర ప్రింటు తీసుకుంటే ఏం పోయేదని నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత బాపు వైపు తిరిగి, నేనేం చేశానో ఎవరికీ చెప్పొద్దని గట్టిగా చెప్పాను.

ఇలాంటివి బాగుచేసే చెయ్యి జగిత్యాలలో ఒక్కాయనదే అన్నారు. ఆయన కాలువ నీళ్ల వెంట కోస్తా నుంచి వచ్చి క్యాంపు కట్టుకున్న రైతుల కొడుకు. పుట్టింది ఇక్కడే, మాట మాత్రం అక్కడిదే. ఆ రోజుల్లో 'అండి' అనే మాట వింటేనే నా చెవులు నిక్కబొడుచుకునేవి. సీపీయూ డబ్బాకు నిలువునా అడ్డంగా సుతిలి తాడు చుట్టి, ఎవరూ విప్పి చూడకుండా నా ముడి వేసి, ఆ మధ్యాహ్నమే ఆటోలో ఒళ్లో పెట్టుకుని పోయాను.

ఏమైనా మార్చారా, కొత్తది ఏదైనా ఎక్కించారా అని ఆయన రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఏం చేయలేదన్నాను, దానంతటదే ఆగిపోయిందన్నాను. తప్పు మనదని ఒప్పుకుంటే మెకానిక్‌కు లోకువైపోతామని నా భయం. అలాగైతే విండోస్ పాడై ఉంటుంది, సిలో కొత్తగా వేస్తాను, డి జోలికి పోను అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు కరెంటు లేదు, సాయంత్రం నుంచి రాస్తారోకో అంటున్నారు, ఆటోలు ఆగిపోతాయి. శనివారం వస్తాను, నేను లేకుండా డబ్బా విప్పొద్దు అన్నాను. ఆయన సుతిలి వైపు చూసి కొంచెం నవ్వి అలాగేనండి అన్నాడు. ముడిని చూసి నవ్వినవాడు దాన్ని విప్పకుండా ఊరుకుంటాడా అని దారి పొడుగునా అదే ఆలోచన.

గురు, శుక్రవారాలు బంద్. కొట్టు మూసి ఇంట్లో కూర్చుంటే అనుమానం పిల్లలు పెట్టింది. మంచి డిస్క్ తీసేసి పాతది పెడతాడేమో. వందల మంది పాస్‌పోర్టులున్నాయి, ఎవరికైనా అమ్ముకుంటాడేమో. శుక్రవారం పొద్దున్నే బాపు తెల్ల చొక్కా వేసుకుని, జగిత్యాల దాటి బీర్పూర్‌లో చుట్టాలను చూసొస్తానని బయల్దేరాడు. బస్సుల్లేని రోజు, కుంటికాలుతో, ఏ పెళ్లీ చావూ లేకుండా చుట్టాలేమిటి? కల్లుకే అనుకున్నాను. సాయంత్రం పాలవ్యానులో వచ్చి దిగితే దగ్గరికి పోయి వాసన చూశాను. దుమ్ము వాసన తప్ప ఏమీ రాలేదు. దాంతో అనుమానం ఇంకింత పెరిగింది.

శనివారం జగిత్యాల పోయాను. ఆయన షాపు ఎదురుగానే దీక్షా శిబిరం, డప్పులు, పాటలు. నా డబ్బా బల్ల మీద ఉంది, సుతిలి చుట్టే ఉంది. గుమ్మంలోంచే ముడి చూశాను. కొస నా ముడికి ఉండే పక్కన లేదు, దానికి ఎదురు పక్కన ఉంది.

నాకు నషాళానికి అంటింది.

"గిది నా ముడి గాదు. ఎవల్నడిగి విప్పినవ్? మా పాస్‌పోర్టులు ఎవలికి అమ్మినవ్? నీళ్లు దోచుకున్నది సాలలేదా మీకు?"

డప్పులు దాటి వినిపించేంత గొంతు నాది. ఆయన ముఖం పాలిపోయింది. కొంచెం నెమ్మదిగా మాట్లాడండమ్మా అన్నాడు, అంతే. శిబిరంలోంచి నలుగురైదుగురు లేచి వచ్చారు. ఒకతని చేతిలో జెండా కర్ర ఉంది. ఏమన్నడక్కా ఆంధ్రోడు అని అడిగాడు. మెకానిక్ తన మీద పడిన మాటకు జవాబు చెప్పడానికి నోరు తెరిచి, నా వైపు చూసి, మళ్లీ మూసుకున్నాడు. తప్పు చేశాడు కాబట్టే నోరు లేవడం లేదనుకున్నాను. సాక్ష్యం చూపిద్దామని డబ్బాను వాళ్ల వైపు తిప్పి ముడి మీద వేలు పెట్టాను.

అప్పుడు సరిగ్గా చూశాను. అది నాది కాదు, నిజమే. కానీ తెలియని ముడీ కాదు. చిన్నప్పటి నుంచి లొట్టి మెడల మీద చూసిన ముడి. కుడిచేత్తో వేస్తే వచ్చే అసలు ముడి. దాన్ని వెయ్యగలిగిన మనిషి నాకు తెలిసి ఒక్కడే. ఆ మనిషి నిన్న తెల్ల చొక్కా వేసుకుని బీర్పూర్ పోయాడు.

జెండా కర్ర అతను ఇంకా నా మాట కోసమే చూస్తున్నాడు. ఆ క్షణంలో నేను ఊరుకుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

"ఏం లేదన్నా. కంప్యూటర్ నేనే ఖరాబు జేసిన. గీయిన ఏం జెయ్యలే. నోరు జారింది నాది."

వాళ్లు నన్ను ఎగాదిగా చూశారు. ఒకరు ఏదో గొణిగారు. మెల్లగా వెళ్లిపోయారు. ఆయన కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నాడు.

బాపు శుక్రవారం పొద్దున వచ్చి, బంద్‌కు మూసి ఉన్న షాపు తెరిపించాడట. బిడ్డ రెండు చెలకల నడుమ గెట్టు జరుపుతుంటే కరెంటు పోయింది సారూ, గెట్టు సగంలో ఆగింది అని చెప్పాడట. ఇంగ్లీషు ముక్క రాని మనిషి, తెర మీది గీతను పొలం గట్టుగా అర్థం చేసుకుని, ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు. తర్వాత తనే సుతిలి విప్పి, డిస్క్ తీయించి, ఖాళీ డబ్బాను మళ్లీ కట్టి పోయాడట.

"మీ నాన్నగారు రాకపోతే నేను సిలో విండోస్ వేసేసేవాణ్ణండి. గీత అప్పటికే డి లోపలికి జరిగిపోయి ఉంది. మీ కాగితాల మీదే వేసేవాణ్ణి."

మరి అందరి ముందూ ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. తాను వచ్చిన సంగతి అమ్మాయికి తెలియనివ్వొద్దు, చిన్నబోతుంది అని ఆయన మాట తీసుకున్నారండి అన్నాడు. మాట కోసం ఆ మనిషి కర్రల ముందు నిలబడ్డాడు. నేను ఏడ్చాను. క్షమించమని అడిగితే మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

పని శుక్రవారం సాయంత్రమే మొదలుపెట్టాడట. నా డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, దాని మీద ఒక్క అక్షరం రాయకుండా ముందు మొత్తం నకలు తీశాడు. ఆ నకలు మీదే పాత గెట్టు ఎక్కడుండేదో వెతికాడు. ఫైళ్లు దొరికాయి, పేర్లు మాత్రం పోయాయి. అన్నిటికీ అంకెలే. ఒక్కొక్కటి తెరుచుకుంటూ కూర్చున్నాను. ఎవరెవరివో రేషన్ కార్డులు, శుభలేఖలు, మీసాలు, ముక్కుపుడకలు. మధ్యాహ్నం దాటాక బావ ముఖం వచ్చింది. ఫోటో కోసం ఎవరి దగ్గరో అడిగి వేసుకున్న నీలం చొక్కా, అదీ ఒక భుజం జారి. కింద పాస్‌పోర్టు నంబరు స్పష్టంగా ఉంది. ఆ పేజీలను ఆయన పెన్ డ్రైవ్‌లో వేసిచ్చాడు. నేను దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను.

ఆదివారం సిరిసిల్ల పోయి ప్రింట్లు అక్క చేతిలో పెట్టాను. అక్క కండెల బుట్ట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, బావ ఫోటోను చాలాసేపు చూసింది. నీ దగ్గరుంటే ఏడికి పోతది, నువ్వు ఎవల్నీ నమ్మవు గదా అంది. జరిగింది ఆ రోజు చెప్పలేకపోయాను. తర్వాత కొన్ని నెలలకు బావ ఇంటికొచ్చాడు. వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను.

ఆ ఆదివారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బాపు అరుగు మీద ఉన్నాడు. బీర్పూర్‌లో అందరూ మంచిగున్నారా అని అడిగాను. మంచిగున్నరు అన్నాడు, నా ముఖం చూడకుండా. సంచిలోంచి సుతిలి తీసి ముడితో సహా ఆయన ఒళ్లో పెట్టాను. నా తీరుగా ముడి వేస్తే నాకు తెలిసేదే కాదు గదా అన్నాను. నీ ముడి నాకు రాదు అన్నాడు. కాసేపు దాన్ని వేళ్లతో తడిమి చూశాడు.

"ముడి ఎవలో విప్పిండ్రని చెప్తది బిడ్డా. ఎందుకు విప్పిండ్రో అది చెప్పదు. అడగాలె."