పెనుకొండలో దిగిన లీడరు

ధర్మవరంలో హిందూపురం రైలెక్కగానే ఎదుటి సీటులో ఒకామె, ఆమె భర్త, కూతురు కనిపించారు. ముగ్గురికీ మంచుకొండలెక్కే బూట్లే! హిమాలయాలకు పోయేముందు పెనుకొండ కొండెక్కి సాధన చేస్తారట. నాకు ఉత్సాహం ఆగలేదు.

"మీలో అందరికన్నా ముందు పైకి చేరేదెవరమ్మా?" అన్నాను.

"మా ఇంటాయనే. ఆయన శానా నిదానమన్నా. అందుకే ఆయన్ను ముందర పెడతాం. ఆయన ఎట్ల నడిస్తే మేమూ అట్లే నడుస్తాం. ఎవురూ వెనకబడరు" అందామె.

"నేనే లీడరప్పా!" అని ఆయన ఛాతీ విరిచాడు. పెట్టెలో అందరం నవ్వాం.

పెనుకొండలో వాళ్లు దిగిపోయారు.

తర్వాతి ఆదివారం నేనూ మా ఆవిడా అదే కొండెక్కాం. ఎప్పుడూ పైనుంచి "రా, రా" అని కేకలేసే నేను ఈసారి తన వెనకాల నడిచాను. ఎక్కుతున్నంతసేపూ తను పాడుకునే పాట ఇన్నేళ్లకు విన్నాను.