కింది రెప్ప ఎరుపు

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున గద్వాల నుంచి ఫోనొచ్చింది. అక్కడ మా బాబాయి కొత్తగా కొన్న సెల్‌ఫోన్ నుంచి నాకొచ్చిన మొదటి మాట అదే. వెంటనే మా అమ్మాయిని తీసుకుని వనపర్తిలో బస్సెక్కాను.

చీరలు నేసే మా ఇళ్లలో మేనరికమంటే ఇంటి పరువు. "మన రక్తం మన ఇంట్లనే ఉండాలె" అని అందరికన్నా గట్టిగా అన్నది అత్తే. తన పెద్దకూతుర్ని సొంత తమ్ముడికే, మా బాబాయికే ఇచ్చింది. నన్నేమో పుట్టగానే తన కొడుక్కు, మా బావకు అనుకుంది. నేనూ అలాగే అనుకుని పెరిగాను. బావంటే నాకు ప్రాణం.

బాబాయికి పుట్టిన పాప ఎప్పుడూ పాలిపోయి ఉండేది. దిష్టన్నారు, తాయెత్తు కట్టారు. చివరికి కర్నూలులో డాక్టరు తలసేమియా అని తేల్చాడు. తల్లిదండ్రులిద్దరూ పైకి బాగానే ఉన్నారు, కానీ ఇద్దరిలో దాగిన లోపం పాపకు జబ్బయింది. ఆ పిల్లకు ఇప్పటికీ నెలనెలా రక్తం ఎక్కించాల్సిందే.

మా వీధివాళ్లందరికీ పరీక్ష చేస్తానని ఆ డాక్టరే వస్తే ఎవరూ చెయ్యి చాపలేదు. అత్తే అందరికన్నా ముందు కూర్చుని చెయ్యి చాపింది. తర్వాత ఇల్లిల్లూ తిరిగి అందరినీ లాక్కొచ్చింది. తీరా చూస్తే ఆ లోపం లేని ఇల్లే అరుదు. జనం బెదిరిపోయారు.

"ఒక్కరికుంటే ఏం గాదు. ఇద్దరికుంటెనే బిడ్డలకు పరేషాన్" అని అత్తే నచ్చజెప్పింది.

నాకూ ఉంది, బావకూ ఉంది.

అప్పటికి మగ్గం మీద నా పెళ్లిచీర సగమైంది. అత్త మా ఇంటికొచ్చి నాన్నతో, "తమ్మీ, ఈ పెండ్లి వద్దు" అంది. నేను ఏడ్చి గోల చేశాను. చాలా రోజులు ఆమె ముఖం చూడలేదు.

"నూలు చీరకు పట్టు అంచు కలుపుతలేమా బిడ్డా? బయటి సంబంధం గూడ గట్లనే కలుస్తది" అనేది.

మా ఆయనకు రక్తపరీక్ష అయ్యేదాకా ముహూర్తం పెట్టనివ్వలేదు. ఆ చీర పూర్తిచేసి తనే నాకు కట్టింది. కుచ్చిళ్లు సర్దుతూ ఆమె కూడా ఏడ్చింది. ఈరోజు నా కూతురు పరుగెత్తుతుంటే కళ్లారా చూస్తున్నానంటే అదంతా ఆమె చలవే.

ఏ పిల్ల ఎదురైనా బొటనవేలితో కింది రెప్ప లాగి, ఒంట్లో రక్తముందో లేదో చూడటం అత్తకు అలవాటైపోయింది. "ఎర్రగుంది, పో, ఆడుకోపో" అనేది. మా అమ్మాయికి అదొక ఆట. గద్వాలలో బస్సు దిగగానే రెప్ప చూపించడానికి ఉరికేది.

మొన్న అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. మా అమ్మాయి నా చెయ్యి విడిపించుకుని వెళ్లి ఆమె ముఖం మీదికి వంగింది. తన రెప్పను తనే కిందికి లాగి పట్టుకుని, "అవ్వా, చూడు" అంది.