లెక్కల మిషన్ వదిలేసిన నాలుగు బస్తాలు

ఈ రోజు మహబూబ్‌నగర్‌లోని మా పల్లీల మిల్లుకు ఒకాయన బొంబాయి నుంచి లెక్కల మిషన్ తెచ్చాడు. పరీక్షించి కొందామన్నాడు మా సేటు. అది నెగ్గితే, బస్తాలు లెక్కరాసే మున్షీని, ఇక నేనెందుకు?

నాలుగు బండ్లు వచ్చాయి. హమాలీ మల్లయ్య ఒక్కో బండి బస్తాలు దించుతూ, ప్రతి బండికీ మళ్లీ మొదటి నుంచి "లాభం, రెండు, మూడు" అని లెక్క పిలుస్తుంటే, బొంబాయి ఆయన అంకె వినపడినప్పుడల్లా మిషన్ పిడి తిప్పాడు. తీరా చూస్తే నా లెక్క కన్నా మిషన్ లెక్క నాలుగు తక్కువ!

మొదటి బస్తాను మేము ఒకటి అనం, శుభమని లాభం అంటాం. అదేదో దేవుడి పేరనుకుని ఆయన నాలుగుసార్లూ పిడి ముట్టలేదు. నాకు అక్కడే తెలిసిపోయింది.

"ఏంది మున్షీ, గీ మిషన్ గిట్ల తప్పు జెప్తాంది?" అన్నాడు సేటు.

"నాకు సమజైతలేదు సేటూ," అన్నాను.

"రేపు మల్ల జూద్దాం. గీసారి లెక్క నువ్వే పిలువు."

అప్పటి నుంచి అన్నం సహించడం లేదు. రేపు మొదటి బస్తాకు నేను ఏమనాలో మీరే చెప్పండి.