ఆరున్నొకటి

పేరు కన్నా ఆయన లెక్కే నాకు బాగా గుర్తు. అబుదాబి ఎడారిలో వేటగాళ్లు తుడిచిపెట్టేసిన తెల్ల ఓరిక్స్ జింకల్ని మళ్లీ పెంచేచోట ఆయన కాపరి, నేను గుమాస్తాని. ఆయనది జగిత్యాల వైపు. రోజూ సాయంత్రం మందను కంచెలోకి తోలుతూ వడ్లు కొలిచినట్టు, ఒకటికి బదులు లాభమంటూ, "లాభం, రెండు, మూడు..." అనేవాడు. ఏడంటే ఏడుపని, ఆ చోట "ఆరున్నొకటి" అనేవాడు. నేను నవ్వేవాణ్ని.

రెండువేల అయిదులో ఒక సాయంత్రం లెక్క ఆరున్నొకటి దగ్గరే ఆగిపోయింది. ఎనిమిదోది, చూడితో ఉన్న ఆడది, రాలేదు. బయట ఊరకుక్కలు మొరుగుతున్నాయి.

"యల్లా! గేట్ బంద్ కరో, ఖలాస్!" మా పై అధికారి ముదీర్ అరిచాడు. గేటు వెయ్యకపోతే ఇంటికి పంపేస్తానన్నాడు. కాపరి గేటు పట్టుకుని కదల్లేదు. మొరుగుడు దగ్గరైంది.

"ఏడని రాసెయ్యనా?" అన్నాను.

"ఆ మాట అనకుండ్రి సారూ!" అన్నాడు కాపరి.

అప్పుడు ఇసుకదిబ్బ వెనక నుంచి కొమ్ములు కనిపించాయి.

"ఎనిమిది," అన్నాడు.

తల్లి వెనకే తడబడుతూ ఇసుకరంగు పిల్ల వచ్చింది. తొమ్మిది అంటాడనుకుని రిజిస్టరు తెరిచాను.

"లాభం," అన్నాడు.