మనిషిని మార్చనన్న కామేశ్వరి సిస్టర్

కొన్నేళ్ళ కిందట, మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. ఆ వేళ అంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం, అప్పుడే నేను ఒక రోగికి చికిత్స మొదలుపెట్టిన సమయాన్ని కాగితం మీద రాసి ఉండడమే. ఇవాళ పలాసలో మా డయాలిసిస్ గది తలుపు తీయగానే, యంత్రాలకు కలిపే ద్రావణం పుల్లటి ఘాటు ముక్కుకు తగిలింది. దానితోపాటే, పదవీ విరమణ చేసి వెళ్ళిన మా హెడ్ నర్సు కామేశ్వరి సిస్టర్ గుర్తుకు వచ్చారు. ఆవిడను ఎరగనివారి కోసం ఇది రాస్తున్నాను.

మాది సంతబొమ్మాళి మండలంలో సముద్రపుటొడ్డు పల్లె. నాన్న సముద్రం మీద చేపల వేటకు వెళతాడు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. నేను నర్సుగా పనిచేసే ఈ గదికి వచ్చే కిడ్నీ రోగులు వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు మా చేతుల్లో ఉంటారు. మాటలు కలవక తప్పదు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, మీదే ఊరని. ఊరి పేరు చెబితే ఎవరి పిల్లో, ఏ కులమో తెలిసిపోతుంది. అందుకని నేను టెక్కలి అనేదాన్ని. హాస్టల్లో ఉండి చదివింది అక్కడే కనుక అది పూర్తి అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

సిస్టర్‌కు ఒక పద్ధతి ఉండేది. రోగి తిడితే ముందు బీపీ, రక్తంలో చక్కెర చూడాలి. ఒకసారి సోంపేట నుంచి వచ్చిన ఒకావిడ నా చేతిమీద కొట్టింది. ఏడుపు మొహంతో వెళితే సిస్టర్, "బీపీ పడిపోతే దేవుణ్ణయినా తిడతారమ్మీ. ముందు మనిసిని సూడు, తర్వాత మాట సూద్దాం" అన్నారు. నిజంగానే బీపీ పడిపోయి ఉంది. తేరుకున్నాక ఆవిడే నా చెయ్యి నిమిరింది. అయితే ఆ పాఠాన్ని నేను సగమే నేర్చుకున్నాను. ఎవరు ఏమన్నా జబ్బు వాళ్ళచేత అనిపించిన మాటేనని మింగడం అలవాటు చేసుకున్నాను.

ఆ మంగళవారం నా ముందున్నది ఆదినారాయణగారు, కొబ్బరి, జీడి తోటలున్న పెద్ద రైతు. రక్తాన్ని యంత్రంలోకి తీసే మొదటి సూది పెట్టి, తిరిగి ఒంట్లోకి ఎక్కించే రెండోదానికి చోటు తడుముతున్నాను. పక్క మంచం మీదికి కొత్తగా వచ్చిన రోగి మా పల్లెవాడు. నన్ను చూసిన సంతోషంలో, మీ నాన్న వేటకెళ్ళాడా అని గట్టిగా పలకరించాడు. ఆదినారాయణగారు విసురుగా చెయ్యి లాక్కున్నారు. సూది పక్కనుంచి రక్తం దుప్పటి మీదికి కారింది.

"టెక్కలన్నావు కదే గుంటా. సేపలోళ్ళ పిల్లవై ఉండి ఇన్నాళ్ళూ నా సెయ్యి ముట్టుకున్నావా? ఇంకొకలిని పిలు."

నేను దూది అదిమిపట్టి మరో నర్సు వైపు చూశాను. ఆమె అప్పటికే గ్లౌజులు తొడుక్కుంటోంది. ఇలాంటప్పుడు నర్సును మార్చేసి, గొడవ లేకుండా పని కానివ్వడమే అక్కడి అలవాటు. సిస్టర్ వచ్చి ఆమెను ఆగమన్నారు. రక్తం ఆగేదాకా తానే అదిమిపట్టారు. రెండో చేతికి బీపీ పట్టీ కట్టారు, చక్కెర చూశారు. రెండూ సరిగానే ఉన్నాయి. అప్పుడు స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నారు.

"అన్నయ్యగారూ, ఈ పిల్లకి పని రాదని సెప్పండి, ఇప్పుడే మార్సేత్తాను. పుట్టుక సూసి మాత్రం మనిసిని మార్సను."

"అయితే నాకు వైద్యం సెయ్యరేటి?"

"సేత్తాం. ఈ పిల్లే సేత్తాది. వొద్దంటే మీ ఇష్టం, సూది తీసి కట్టు కట్టి డాక్టరుగారిని పిలుత్తాను. ఆయనతో మాటాడండి."

ఆ పూట చికిత్స తప్పితే ఆయన ఒంటికి ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన కాదంటే మర్నాటినుంచి ఈ గదిలోకి నేను ఏ మొహంతో వస్తానో మాత్రం తెలియదు. చాలాసేపటికి ఆయన మొహం గోడవైపు తిప్పుకుని చెయ్యి చాపారు. నేను రెండో సూది అందుకున్నాను. సిస్టర్ నా చేతిని పట్టుకోలేదు, పక్కన నిలబడ్డారంతే. సూది మొదటిసారికే సరిగ్గా దిగింది.

తర్వాత మందుల గదిలో, ఊరు దాచినందుకు నన్ను క్షమించమన్నాను. సిస్టర్ తలుపు దగ్గరికి వేసి వచ్చారు.

"పదేళ్ళ కిందట నాను మార్సినానమ్మీ. గొడవెందుకని ఒక పిల్లని మంచం కాడినుంచి తప్పించినాను. తర్వాత ఇంకో మంచం. ఆఖరికి ఆ పిల్లే ఉద్యోగం మానేసింది. నన్నొక్క మాటా అన్నేదు."

ఆ తర్వాత ఫిర్యాదుల పుస్తకం తెరిచి, జరిగింది నన్నే రాయమన్నారు. నేను 'అభ్యంతరకరంగా మాట్లాడారు' అని రాశాను. సిస్టర్ దాన్ని కొట్టేసి, ఆయన అన్న మాటలు అన్నట్టే రాయించారు. రాస్తున్నప్పుడే, ఆ మాటలు నావి కావనీ, వాటికి నేను సిగ్గుపడనక్కరలేదనీ తోచింది. కింద ఆవిడ సంతకం చేశారు.

ఆదినారాయణగారు క్షమాపణ చెప్పలేదు. నేను వెళ్ళినప్పుడల్లా చెయ్యి మాత్రం చాపేవారు. ఈనాటికీ కొత్త నర్సు ఎవరైనా అలాంటి మాట పడితే, నేను ఆమె పనిని నా చేతుల్లోకి తీసుకోను, పక్కన నిలబడతాను. ఆ వారం నుంచి మా గదిలో పుట్టుక చూసి ఎవరినీ మార్చలేదు. రెండు కుటుంబాలు తమ రోగులను వేరే చోటికి తీసుకుపోయాయి. నర్సుల్లో ఎవరూ మానలేదు.